స్ఫటికమును పలికించిన పియరీ క్యూరీ

పియరీ క్యూరీ పేరు వినినంతనే చదువరుల మనస్సునకు రేడియము స్ఫురించును. ఆ వెనుకనే ఆయన సహధర్మచారిణి మేరీ క్యూరీ స్ఫురించును. ఆ దంపతులు రేడియమును కనుగొనిన కథ పాఠ్యపుస్తకములలో చోటు చేసికొని అనేక తరముల విద్యార్థులకు పరిచితమైనది. కాని రేడియమునకు 18 సంవత్సరములు పూర్వమే, మేరీని చూడక మునుపే, 21 ఏండ్ల ప్రాయమున పియరీ తన అన్నతో కలిసి మరియొక సత్యమును కనుగొనెను. దానివలన ఆయనకు గొప్ప పదవి రాలేదు, ధనమును రాలేదు. అయినను నేడు మణికట్టున కట్టుకొను గడియారము మొదలుకొని పరమాణువులను చూపు సూక్ష్మదర్శిని వరకు ఎన్నియో సాధనములు ఆ సత్యమును ఆధారముగా గొని పనిచేయుచున్నవి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టును. వానికి విద్యుత్తు నిచ్చినచో అవి కదలును. ఈ రెండు చిన్న వాక్యములలో ఆ సత్యమంతయు ఇమిడియున్నది.

బాల్యము, విద్య

పియరీ 1859 మే 15వ తేదీన పారిస్ నగరమున క్యూవియే వీథిలో జన్మించెను. తండ్రి యూజీన్ క్యూరీ వైద్యుడు. ఆయనకు శాస్త్రపరిశోధన యందు మక్కువ మెండు. కాని కుటుంబపోషణకై వైద్యవృత్తినే నమ్ముకొనవలసి వచ్చెను. తల్లి సోఫీ క్లేర్ ఓర్పు గల యిల్లాలు. అన్న జాక్ పియరీకంటె మూడేండ్లకు పైబడి పెద్ద. 1871లో పారిస్ నగరమున కమ్యూను తిరుగుబాటు చెలరేగి వీథులు యుద్ధభూములైనప్పుడు డాక్టరు క్యూరీ తన యింటినే ఆసుపత్రిగా మార్చి క్షతగాత్రులకు చికిత్స చేసెను. బాలురిరువురును వీథులలోనికి పోయి గాయపడినవారిని ఇంటికి చేర్చుటలో తండ్రికి తోడ్పడిరి. పరులకొరకు పాటుపడుట ఆ యింట ఉపదేశముగా కాక నిత్యకృత్యముగా నుండెను.

బాల్యమున పియరీ చురుకైన విద్యార్థిగా కనిపింపలేదు. ఒక విషయమునుండి మరియొక విషయమునకు మనస్సును వేగముగా మరల్చుట అతనికి చేతగాదు. ఒక ఆలోచన పట్టెనేని దాని అంతు చూచువరకు దానిని విడువడు. గంట మ్రోగినంతనే గణితమును మూసి వ్యాకరణమును తెరువవలసిన తరగతిలో ఇట్టి బాలుడు మందబుద్ధిగా లెక్కింపబడును. తండ్రి ఈ సంగతిని ముందుగనే గ్రహించి అతనిని పాఠశాలకు పంపకుండెను. మొదట తల్లియు తండ్రియు, పిదప అన్నయు చదువు చెప్పిరి. సెలవు దినములలో సోదరులు పారిస్ పరిసరములందలి పొలములలోను అడవులలోను తిరిగి మొక్కలను, కప్పలను, కీటకములను పరిశీలించెడివారు. 14వ యేట అల్బేర్ బజీల్ అను ఉపాధ్యాయుని వద్ద గణితము నేర్చుకొనుట కారంభింపగా పియరీ ప్రజ్ఞ ఒక్కమారుగా వికసించెను. 16వ యేట ప్రవేశపరీక్షలో నెగ్గెను. 18వ యేట పట్టభద్రుడయ్యెను. 1878లో సోర్బాన్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఆచార్య దేసైన్ కడ సహాయకుడుగా కుదురుకొనెను. పైచదువునకు కావలసిన ధనము లేకపోవుటచేత ఆ చిన్న యుద్యోగమే అతనికి ఆధారమయ్యెను.

అన్నదమ్ముల పరిశోధన

జాక్ అదే సోర్బానులో ఖనిజశాస్త్రాచార్యుడగు ఫ్రీడెల్ కడ సహాయకుడు. అన్నకు స్ఫటికములు తెలియును. తమ్మునకు భౌతికశాస్త్రమును గణితమును తెలియును. ఈ రెండు విద్యల కలయికయే వారి పరిశోధనకు మూలమయ్యెను.

టూర్మలీను అను రాతికి ఒక వింత గుణము కలదు. దానిని వేడి చేసినచో ఒక కొన ధనవిద్యుత్తును, మరియొక కొన ఋణవిద్యుత్తును పొందును. 18వ శతాబ్దారంభమున సింహళమునుండి ఈ రాతిని ఐరోపాకు కొనిపోయిన డచ్చి వర్తకులు, నిప్పులలో కాగిన టూర్మలీను బూడిదను తనవైపు లాగికొనుట చూచి ఆశ్చర్యపడిరి. ఈ గుణమును అనేకులు పరిశీలించిరి. క్యూరీ సోదరులు మాత్రము మరియొక యడుగు ముందుకు వేసిరి. వేడి చేసినప్పుడు స్ఫటికము వ్యాకోచించును, చల్లార్చినప్పుడు సంకోచించును. అట్లయినచో విద్యుత్తును పుట్టించునది వేడిమియా, లేక ఆ సంకోచవ్యాకోచములా? వేడి యొసగక కేవలము నొక్కి చూచినచో ఏమగును? ఏ స్ఫటికమును, ఏ దిక్కునుండి నొక్కవలెను? ఈ తుది ప్రశ్నకు సమాధానము స్ఫటికముల సౌష్ఠవమునుండి లభించునని వారు ఊహించిరి.

సౌష్ఠవమనగా నేమో మన వాకిటి ముగ్గును చూచిన తెలియును. నడుమ నొక చుక్క నుంచి, దానికి అన్ని వైపుల ఒకే తీరుగా గీతలు తీర్చిన ముగ్గులో ఏ గీతకైనను కేంద్రమునకు ఆవల సరిగా దానివంటిదే మరియొక గీత యుండును. ఉప్పు స్ఫటికము ఇట్టిది. దానిని నొక్కినను ధనావేశముల కేంద్రమును ఋణావేశముల కేంద్రమును ఒకే చోట నిలుచును. కావున విద్యుత్తు పుట్టదు. అట్టి కేంద్రము లేని స్ఫటికములలో పరమాణువుల అమరిక వేరు. వానిని తగిన దిక్కున నొక్కినచో ధనావేశములు ఒకవైపునకు, ఋణావేశములు మరియొక వైపునకు ఒరిగి రెండు ముఖములపై విద్యుత్తు కనిపించును. స్ఫటికములను సౌష్ఠవమును బట్టి 32 తరగతులుగా విభజింపగా అందు 20 తరగతులకు ఈ గుణము కలదని నేడు తెలిసినది. క్యూరీ సోదరుల కాలమునకు పరమాణువుల అమరికను చూపు ఎక్సు కిరణములు లేవు. రాతి ముఖములను, అంచులను చూచియే వారు లోపలి సంగతిని ఊహింపవలసి వచ్చెను.

1880లో వారు స్ఫటికములనుండి పలుచని ఫలకములను కోసి, ఇరువైపుల తగరపు రేకులంటించి, నొక్కి, విద్యున్మాపకముతో పరీక్షించిరి. ఊహ నిజమయ్యెను. నొక్కినప్పుడు ఎదురెదురు ముఖములపై విరుద్ధావేశములు పుట్టెను. ఒత్తిడిని తొలగింపగా అవి తారుమారయ్యెను. పుట్టిన విద్యుత్తు ఒత్తిడికి సరియైన నిష్పత్తిలో నుండెను. టూర్మలీను, క్వార్ట్జు, పుష్యరాగము, రోషెల్ లవణము మున్నగువాని యందు ఈ గుణము కనబడెను. చెరకు చక్కెర స్ఫటికములందును కనబడెను. మన యిండ్లలో పిల్లలు నమలు పటికబెల్లపు పలుకులు ఆ చెరకు చక్కెర స్ఫటికములే. పంటి క్రింద పగులు ఆ పలుకు లోపల ఇంతటి ప్రకృతి రహస్యము దాగియున్నదని ఆ సోదరులవలననే లోకమునకు తెలిసెను. మరుసటి సంవత్సరము జర్మనీ శాస్త్రజ్ఞుడు హాంకెల్, నొక్కుట అను అర్థము గల గ్రీకు పదమునుండి దీనికి పీజో విద్యుత్తు అను పేరు కల్పించెను.

విపరీత ఫలితము

ఇంతవరకు కథలో సగము మాత్రమే. రెండవ సగమును మొదట ఊహించినవారు క్యూరీ సోదరులు కారు. 1881లో గాబ్రియేల్ లిప్‌మన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, శక్తికి సంబంధించిన సూత్రములను బట్టి లెక్కకట్టి, నొక్కినచో విద్యుత్తు నిచ్చు స్ఫటికము విద్యుత్తు నిచ్చినచో తన పరిమాణమును మార్చుకొనక తప్పదని తెలిపెను. తమకు తోచని సంగతి మరియొకరికి తోచినదే యని క్యూరీ సోదరులు చిన్నబుచ్చుకొనలేదు. ఆ సంవత్సరమే ప్రయోగము చేసి లిప్‌మన్ మాట సత్యమని నిరూపించిరి.

ఆ ప్రయోగము ఎంత కష్టమైనదో గ్రహించుటకు ఒక లెక్క చాలును. క్వార్ట్జు ఫలకమునకు 1000 వోల్టుల విద్యుత్పీడన మొసగినను దాని మందము సుమారు 2 నానోమీటర్లు మాత్రమే మారును. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. తలవెండ్రుక మందము సామాన్యముగా 50,000 నుండి 1,00,000 నానోమీటర్ల వరకు నుండును. అనగా ఆ కదలిక వెండ్రుక మందములో ఇరువదివేలవ వంతునకును మించదు. నాటి సూక్ష్మదర్శినులలో దేనికిని అది కనబడదు. కంటికి కనబడనిదానిని కనుగొనుటకు సోదరులు మొదటి స్ఫటికమునకు రెండవ స్ఫటికమునే సాక్షిగా నిలిపిరి. రెండింటిని ఒకదాని కొకటి ఆనించి గట్టిగా బిగించిరి. మొదటిదానికి విద్యుత్తు నీయగా అది పెరుగబోయి రెండవదానిని నొక్కెను. నొక్కబడిన రెండవది తాను విద్యుత్తును పుట్టించి ఆ సంగతిని విద్యున్మాపకమునకు తెలిపెను.

ఈ గుణమునుండి సోదరులు ఒక కొలతసాధనమును నిర్మించిరి. తగిన దిక్కున కోసిన పలుచని పొడవైన క్వార్ట్జు పట్టీని వ్రేలాడదీసి దాని క్రింద బరువు తగిలించినచో, ఆ బరువునకు సరిగా లెక్కకు వచ్చునంత విద్యుత్తు పుట్టును. తెలిసిన బరువుతో తెలిసిన విద్యుత్తును పుట్టించి, దానితో తెలియని స్వల్ప విద్యుత్తును సరితూచవచ్చును. బంగారమును తూచు కంసాలి త్రాసువలె ఇది విద్యుత్తును తూచు త్రాసు. ఈ సాధనము తరువాతి కాలమున ఏ కార్యమునకు ఉపకరించునో నిర్మించిన నాడు వారికి తెలియదు.

పాఠశాలలో 22 ఏండ్లు

1883లో జాక్ మాంపెలియే విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడై వెడలెను. అన్నదమ్ముల జంట కృషి అంతటితో ముగిసెను. అంతకు పూర్వమే పియరీ పారిస్ నగరపాలకులు 1882లో నెలకొల్పిన భౌతిక రసాయనశాస్త్ర పాఠశాలలో ప్రయోగశాలాధికారిగా చేరియుండెను. అచట ఆయన 22 సంవత్సరములు గడపెను. జీతము స్వల్పము. విద్యార్థులకు ప్రయోగములు నేర్పుటతో దినమంతయు గడచును. తన సొంత పరిశోధనకు గది లేదు. మెట్లకును ప్రయోగశాలకును నడుమనున్న ఇరుకు నడవయే ఆయనకు పరిశోధనశాల. ఆ నడవలోనే ఆయన గొప్ప పరిశోధనలు సాగించెను. కార్యము నందలి సౌష్ఠవమునకు కారణము నందలి సౌష్ఠవముతో గల సంబంధమును 1894లో సూత్రీకరించెను. ఇనుము మున్నగు లోహములు ఒకానొక ఉష్ణోగ్రతను దాటినంతనే అయస్కాంత గుణమును కోల్పోవుటను పరిశోధించెను. ఆ ఉష్ణోగ్రతకు నేటికిని క్యూరీ ఉష్ణోగ్రత యనియే పేరు; ఇనుమునకు అది సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీలు.

ఇంతటి కృషి చేసియు ఆయన డాక్టరు పట్టమునకు సిద్ధాంతవ్యాసమైనను సమర్పింపక సంవత్సరములు గడపెను. పాఠశాలాధ్యక్షుడు షూట్జెన్‌బెర్గర్ ఆయనకు ప్రభుత్వ బిరుదు నొకదానిని ఇప్పింపబూనగా, వలదని వినయముగా ప్రార్థించెను. స్వదేశమున ఆయన విలువ నెరిగినవారు కొలదిమంది. బ్రిటనునుండి లార్డు కెల్విన్ వంటి మహాశాస్త్రజ్ఞుడు మాత్రము ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, ఆయన సాధనములను చూడగోరి వచ్చెను. తుదకు 1895 మార్చిలో, తొలి యావిష్కరణము జరిగిన 15 ఏండ్లకు, అయస్కాంత పరిశోధనలపై వ్రాసిన వ్యాసమునకు పియరీ డాక్టరు పట్టమును పొందెను.

క్వార్ట్జు త్రాసు, రేడియము

1894 వసంతమున పోలెండు దేశీయుడైన ఒక భౌతికశాస్త్రజ్ఞుని యింట పియరీకి మారియా స్క్లొడోవ్‌స్కా అను విద్యార్థినితో పరిచయము కలిగెను. ఇరువురిని కలిపినది శాస్త్రాసక్తి. 1895 జులై 26న వారు సో పట్టణమున ఆడంబరము లేక వివాహమాడిరి. పెండ్లి తరువాత రెండు సైకిళ్లపై పల్లెసీమలలో విహరించిరి. 1897 సెప్టెంబరులో పెద్ద కుమార్తె ఐరీన్ జన్మించెను.

1896లో ఆన్రీ బెకెరెల్ యురేనియమునుండి వెలువడు వింత కిరణములను కనుగొనెను. వాని ప్రక్కనున్న గాలి విద్యుత్తును కొంచెము ప్రసరింపజేయును. మేరీ ఈ కిరణములను తన పరిశోధనకు విషయముగా ఎన్నుకొనెను. ఆ గాలిగుండ ప్రవహించు విద్యుత్తు అత్యల్పము. దానిని నిక్కముగా కొలుచు సాధనము కావలెను. అప్పుడు 17 ఏండ్ల క్రిందటి క్వార్ట్జు త్రాసు పనికి వచ్చెను. మేరీ ఒక చేత బరువును కొంచెము కొంచెముగా పట్టీపై మోపుచు, గాలిగుండ వచ్చు విద్యుత్తును క్వార్ట్జునుండి పుట్టు విద్యుత్తుతో సరిపెట్టుచు, గడియారముతో కాలమును లెక్కించెడిది. రెండవచేయి వణికినను, చూపు చెదరినను కొలత చెడును. ఆ కష్టమైన నేర్పును ఆమె సాధించెను.

ఈ కొలతలే రేడియమునకు దారి చూపినవి. పిచ్‌బ్లెండు అను ముడిఖనిజము తనలోని యురేనియమును బట్టి ఈయవలసినదానికంటె అనేక రెట్లు హెచ్చు విద్యుత్తును ఇచ్చుచున్నదని ఆమె కనుగొనెను. కిరణములు ఉన్నవి, లేవు అని మాత్రము చూచువారికి ఈ సంగతి తెలియదు. ఎంత యని కొలిచినవారికే తెలియును. ఆ ఖనిజమున తెలియని మూలకమేదియో యున్నదని వారు నిశ్చయించిరి. అప్పటికి పియరీ స్ఫటికములు పెరుగు తీరును పరిశోధించుచుండెను. భార్య కృషిలోని ప్రాముఖ్యమును గుర్తించి, 1898లో తన పనిని కొంతకాలము ప్రక్కకు నెట్టి ఆమెతో చేరెను. ఆ కొంతకాలమే మిగిలిన జీవితమంతయు అయ్యెను. తనకు ప్రియమైన స్ఫటికముల కడకు ఆయన మరల రాలేకపోయెను.

1898 జులైలో పొలోనియమును, డిసెంబరులో రేడియమును వారు లోకమునకు ప్రకటించిరి. పాఠశాల ఆవరణలోని శిథిలమైన కొట్టములో టన్నులకొలది ముడిపదార్థమును మరగించి, వడపోసి, 1902 నాటికి మేరీ గ్రాములో పదవవంతు రేడియము లవణమును వేరుచేసెను. పియరీ రేడియమును తన చేతిపై కొన్ని గంటలు ఉంచికొని, అది చర్మమును కాల్చుటను, ఆ పుండు మానుటకు నెలలు పట్టుటను తానే గమనించి ప్రకటించెను. రేడియమును వేరుచేయు విధానముపై దంపతులు హక్కు పత్రము పొందలేదు. అడిగినవారికెల్ల దానిని తెలియజేసిరి.

గౌరవములు, మరణము

1903లో నోబెల్ బహుమతి విషయమున ఫ్రాన్సునుండి పోయిన సిఫారసులో బెకెరెల్, పియరీల పేర్లు మాత్రమే యుండెను. స్వీడను గణితశాస్త్రజ్ఞుడు మిటాగ్ లెఫ్లర్ ఈ సంగతిని పియరీకి ఎరిగించెను. తనను పరిగణించుట నిజమైనచో తన భార్యను కూడ పరిగణింపవలెనని పియరీ ప్రత్యుత్తర మిచ్చెను. ఆ సంవత్సరము బహుమతిలో సగము బెకెరెల్‌కును, మిగిలిన సగము క్యూరీ దంపతులకును లభించెను. అదే సంవత్సరము ప్రభుత్వము ఈయదలచిన లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమును పియరీ తిరస్కరించెను. ఆయనకు కావలసినది ప్రయోగశాల. 1902లో ఆయనను ఎన్నుకొనని ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు 1905లో ఎన్నుకొనెను. 1904లో సోర్బానున ఆచార్యపదవి దొరకెను. దానితో ఆయన పుట్టిన క్యూవియే వీథిలోనే చిన్న పనిగదులు దొరకెను. కోరిన ప్రయోగశాల మాత్రము లభింపలేదు. ఆ డిసెంబరులో రెండవ కుమార్తె ఈవ్ జన్మించెను. అప్పటికే ఎముకల నొప్పులు, అలసట ఆయనను క్రుంగదీయుచుండెను.

1906 ఏప్రిలు 19వ తేదీ. వాన కురియుచుండెను. పియరీ మధ్యాహ్నము ఆచార్యుల సమావేశమున పాల్గొని, అచ్చుప్రతులను దిద్దుటకై ప్రచురణకర్తల కార్యాలయమునకు వెళ్లెను. సమ్మె కారణమున తలుపులు మూసియుండెను. మరలి దోఫీన్ వీథిని దాటుచు తడిసిన నేలపై జారి, బరువుతో వచ్చుచున్న గుఱ్ఱపు బండి క్రింద పడి తక్షణమే మరణించెను. ఆయన వయస్సు 46 సంవత్సరములు. మాంపెలియే నుండి జాక్ వచ్చి మరదలికి తోడుగా నిలిచెను. ఆ నవంబరులో మేరీ భర్త స్థానమున సోర్బాను వేదిక నెక్కి, ఆయన ఎచట పాఠమును ఆపెనో అచటినుండియే కొనసాగించెను. 1995లో ఆ దంపతుల అవశేషములను ఫ్రాన్సు దేశము తన మహనీయుల సమాధిమందిరమగు పాంథియోనునకు తరలించెను.

స్ఫటికము నడచిన దూరము

ఆయన విడిచిన స్ఫటికములను మొదట చేపట్టినవాడు ఆయన శిష్యుడే. మొదటి ప్రపంచయుద్ధమున సముద్రగర్భములోని జలాంతర్గాములను కనిపెట్టుటకై పాల్ లాంజెవిన్ ఉక్కు పలకల నడుమ క్వార్ట్జునుంచి, విద్యుత్తుతో దానిని కంపింపజేసి, చెవికి వినరాని ధ్వనితరంగములను నీటిలోనికి పంపెను. తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని అదే క్వార్ట్జు విద్యుత్తుగా మార్చెను. 1920ల నుండి క్వార్ట్జు గడియారములలో కాలమును కొలుచుట కారంభించెను. నేటి చేతిగడియారములోని చిన్న క్వార్ట్జు తునక సెకనుకు 32,768 మారులు కంపించును.

1950లలో సీసము, జిర్కోనియము, టైటానియము కలిసిన పింగాణీవంటి పదార్థము తయారయ్యెను. ఇది ఒక వోల్టునకు క్వార్ట్జుకంటె నూరు రెట్లకు మించి కదలును. దాని పలుచని పొరలను ఒకదానిపై నొకటి పేర్చి చేసిన సెంటీమీటరు పొడవు దొంతి, నూటయేబది వోల్టులకు లోపుగనే మిల్లీమీటరులో నూరవవంతు సాగును. వోల్టును తగ్గించినకొలది అడుగు తగ్గును. పళ్లచక్రములు లేవు, మరలు లేవు. కావున అరుగుదల గాని, వదులు గాని లేదు. ఇట్టి దొంతులకు పీజో యాక్చుయేటరులని పేరు. వీనికి లోపము లేకపోలేదు. పోవునప్పుడు నడచిన దారినే తిరిగి వచ్చునప్పుడు నడువవు. కొంత తేడా వచ్చును. అందుచేత సున్నితమైన పనులలో కదలికను కొలుచు సాధనము నొకదానిని ప్రక్కన నుంచి ఎప్పటికప్పుడు దిద్దుచుందురు.

అడుగు చిన్నదైనచో దూరము నడుచుట యెట్లు? ఆకుపై ప్రాకు పురుగు ఇందుకు సమాధానము చూపును. అది వెనుక కాళ్లతో పట్టుకొని ఒడలు చాచును. ముందు కాళ్లతో పట్టుకొని వెనుకభాగమును లాగుకొనును. మూడు దొంతులను కూర్చి, రెండింటిచేత పట్టును విడుపును, నడిమిదానిచేత చాపును ముడుపును చేయించినచో, నానోమీటర్ల యడుగులతోనే సెంటీమీటర్ల దూరము నడువవచ్చును. మరియొక పద్ధతి కలదు. గుడ్డపై నిలిపిన లోటాను గుడ్డను మెల్లగా లాగినచో గుడ్డతోపాటు లోటాయు వచ్చును. చటుక్కున లాగినచో గుడ్డ మాత్రమే వచ్చును. అట్లే దొంతిని మెల్లగా చాచి, చటుక్కున ముడిచినచో దానిపై నున్న వస్తువు ప్రతిమారు ఒక్కొక్క యడుగు ముందుకు సాగును.

ఈ కదలిక విలువ 1981లో పూర్తిగా వెల్లడి యయ్యెను. స్విట్జర్లండులో జ్యూరిక్ సమీపమున ఐ.బి.ఎం. పరిశోధనశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ అను శాస్త్రజ్ఞులు వాడియైన లోహపు సూదిని పీజో కడ్డీలకు అమర్చి, ఒక ఉపరితలమునకు తాకీ తాకనంత దగ్గరగా నడిపించిరి. సూదికిని ఉపరితలమునకును నడుమ ప్రవహించు విద్యుత్తు, దూరము నానోమీటరులో పదవవంతు మారినంతనే సుమారు పది రెట్లు మారును. ఆ విద్యుత్తు మారకుండునట్లు సూదిని పైకి క్రిందికి జరుపుచు పోగా, పరమాణువుల మిట్టపల్లములు బొమ్మగా కనబడెను. 1986లో వారికి నోబెల్ బహుమతి లభించెను. 1881లో సోదరులకు కంటితో చూడ శక్యము కానంత చిన్నదైన ఆ కదలికయే, నూరేండ్ల తరువాత, కంటికి అందని లోకమును చూచుటకు సాధనమయ్యెను. నాడు దానికి లోపముగా తోచిన అల్పత్వమే నేడు దానికి గుణమైనది.

పియరీ క్యూరీ జీవితము ఉపాధ్యాయులకును విద్యార్థులకును చెప్పు సంగతి స్పష్టమైనది. తరగతిలో వెనుకబడినవాడు ఆలోచనలో వెనుకబడినవాడని యెంచరాదు. ఒక్కొక్కనికి ఒక్కొక్క నడక యుండును. కొడుకు నడకను గుర్తించిన తండ్రి ఒకడుండుటచేతనే ఆ బాలుడు లోకమునకు దక్కెను. అట్టి తండ్రి లేని బాలునకు ఆ పని చేయవలసినవాడు ఉపాధ్యాయుడు. స్ఫటికము వేసెడి యడుగు మిక్కిలి చిన్నది. కాని వేసిన ప్రతి యడుగును కొలతకు నిలుచును. ఆయన జీవితమును అట్లే నడచెను.